గోమారి కరిచి అయిదు రోజులైంది, వైరస్ సోకి ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. అయిదు రోజుల కిందట మా కుక్కను తీసుకుని అడవి అంచున ఉన్న కాలిబాట వెంట రెండు మూడు గంటలు నడిచాను. మర్నాడు ఉదయం స్నానం చేస్తుంటే మోకాలి వెనక మడతలో నువ్వుగింజంత గట్టి పొక్కు చేతికి తగిలింది. గోకితే ఊడలేదు. వెలుతురులోకి వచ్చి చూస్తే దానికి కాళ్లున్నాయి, అది గోమారి. కంగారులో గోళ్లతో పట్టి లాగేశాను. ఒళ్లు ఊడి వచ్చింది గానీ ముల్లులాంటిది ఏదో చర్మంలోనే ఉండిపోయినట్టుంది. కిరోసిన్ చుక్క వేసి ఉంటే అదే వదిలేసేదని ఒకరు అన్నారు. 24 గంటల లోపు తీసేశారు కాబట్టి ఏ రోగమూ రాదని ఇంకొకరు ధైర్యం చెప్పారు. గోమార్ల వల్ల ప్రాణాంతకమైన వైరస్ జ్వరాలు వస్తాయని చదివిన దగ్గర నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఇప్పటిదాకా జ్వరం లేదు. రక్తపరీక్ష చేయించుకోవాలా? ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసుకోవచ్చా? టీకా ఏదైనా ఉందా? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, నా నుంచి వాళ్లకు అంటుకుంటుందా? ఆ గోమారిని చిన్న సీసాలో వేసి మూత పెట్టాను, దాన్ని ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా మీ భయానికి నేరుగా జవాబు చెబుతాను. మీకు వైరస్ సోకి ఉండే అవకాశం తక్కువే. గోమార్లలో అత్యధిక భాగం మనిషికి హాని చేసే వైరస్‌లను మోయవు. మోసే జాతులు తిరిగే చోట కూడా వాటిలో కొన్నింటిలోనే వైరస్ ఉంటుంది, అలాంటిది కరిచినవారిలోనూ అందరికీ జబ్బు బయటపడదు. ఇవాళ మీరు చేయించుకోవాల్సిన పరీక్ష ఏదీ లేదు, వేసుకోవాల్సిన మందు కూడా లేదు. అయితే మీకు ధైర్యం చెప్పినవారి మాటను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ 24 గంటల లెక్క ఒక రకం బ్యాక్టీరియాది, వైరస్‌లది కాదు.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే గోమారి రక్తం తాగే తీరును కాస్త దగ్గరగా చూడాలి. పిడుదు అని కూడా పిలిచే ఈ జీవి కీటకం కాదు, సాలీడుకూ తేలుకూ దగ్గరి చుట్టం. గుడ్డులోంచి వచ్చిన లార్వాకు ఆరు కాళ్లే ఉంటాయి, ఆ తరువాతి నింఫ్ దశ నుంచి ఎనిమిది కాళ్లు వస్తాయి. దీనికి ఎగరడమూ దూకడమూ చేతకాదు. గడ్డిపరక కొసకో పొద ఆకు అంచుకో ఎక్కి, వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు రెండూ చాచి ఎదురుచూస్తుంది. ఆ ముందు కాళ్ల చివర చిన్న గుంటలాంటి అవయవం ఉంటుంది. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వేడిని, చెమట వాసనను అది పసిగడుతుంది. ఏదైనా జంతువు గానీ మనిషి గానీ రాసుకుంటూ వెళితే చాలు, అంటుకుంటుంది. అంటుకున్నచోటే కరవదు, చర్మం పలచగా ఉండి కాస్త తేమగా ఉండే మడతల కోసం పాకుతూ వెతుక్కుంటుంది. మీ మోకాలి వెనక అది కనిపించడానికి కారణం అదే. చంక, గజ్జ, చెవి వెనక, బొడ్డు, తలవెంట్రుకల మొదళ్లు కూడా దానికి ఇష్టమైన చోట్లే.

స్థలం కుదిరాక చర్మాన్ని కత్తిరించి, వెనక్కి తిరిగిన ముళ్ల వరుసలున్న తన నోటి కొసను లోపలికి దించుతుంది. మీరు చూసిన ముల్లు అదే. చాలా జాతుల గోమార్లు ఆ చుట్టూ సిమెంటులా గట్టిపడే పదార్థాన్ని కూడా విడుదల చేసి తమను తాము బిగించుకుంటాయి. దోమలాగా నిమిషంలో తాగి లేచిపోవడం గోమారికి కుదరదు, నింఫ్ అయితే మూడు నాలుగు రోజులు, పెద్ద ఆడ గోమారి అయితే వారం పైచిలుకు అక్కడే ఉండిపోవాలి. అన్ని రోజులు మనిషికి నొప్పి గానీ దురద గానీ తెలియకూడదు, రక్తం గడ్డకట్టకూడదు, ఒంట్లోని రక్షణ కణాలు అక్కడికి వచ్చి అడ్డుపడకూడదు. ఈ పనులన్నీ దాని లాలాజలం చేసిపెడుతుంది. రక్తం తాగినంతసేపూ గోమారి మధ్యమధ్యలో ఆ లాలాజలాన్ని మన చర్మంలోకి వదులుతూనే ఉంటుంది.

గోమారి కాటుతో వచ్చే జబ్బుల్లో లైమ్ వ్యాధి ఒకటి, దాన్ని తెచ్చే బ్యాక్టీరియా గోమారి పేగులో నివసిస్తుంది. కొత్త రక్తం పేగులోకి దిగి, ఆ వేడికి బ్యాక్టీరియా మేలుకుని, పెరిగి, పేగు గోడ దాటి లాలాజల గ్రంథులకు చేరడానికి సాధారణంగా ఒక రోజుకు మించి పడుతుంది. మీకు చెప్పిన 24 గంటల మాట అక్కడి నుంచి వచ్చింది, ఆ వ్యాధి విషయంలో అది చాలావరకు నిజం కూడా. చాలా వైరస్‌ల కథ వేరు. గోమారి కిందటి దశలో ఎప్పుడో తాగిన రక్తంతో దాని ఒంట్లోకి చేరిన వైరస్, అది కుబుసం విడిచి తరువాతి దశకు మారేలోగానే లాలాజల గ్రంథుల దాకా వచ్చి కూర్చుని ఉంటుంది. అందువల్ల మొదటి లాలాజలంతోనే అది బయటికి రాగలదు. ఉత్తర అమెరికాలో కనిపించే పొవాసన్ వైరస్ మీద ఎలుకలతో చేసిన ప్రయోగం ఒకటి 2004లో వెలువడింది. అందులో గోమారి అంటుకున్న 15 నిమిషాల్లోనే వైరస్ ఎలుకలకు చేరింది. కాబట్టి వైరస్‌ల విషయంలో ఇన్ని గంటల లోపల అయితే భయం లేదు అనే గీత గీయలేం. అలాగని త్వరగా తీసేయడం వృథా అని కూడా అనకూడదు. ఎంత తొందరగా తీస్తే ఒంట్లోకి వెళ్లే లాలాజలం అంత తక్కువ, పైగా లైమ్ బ్యాక్టీరియా ముప్పు చాలావరకు తప్పుతుంది. మీరు మర్నాడు ఉదయమే తీసేయడం మంచిదే అయింది.

ఆ లాలాజలం గురించి ఇంకొక్క మాట, నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇదే. వైరస్ ఒక గోమారి నుంచి మరో గోమారికి చేరాలంటే మధ్యలో ఏదో ఒక జంతువు జబ్బుపడి, దాని రక్తం నిండా వైరస్ ఉండాలని చాలాకాలం అనుకున్నారు. 1987లో గినీ పందుల మీద థొగొటో అనే వైరస్‌తో చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని తిరగేసింది. వైరస్ ఉన్న గోమారీ, లేని గోమారీ ఒకే జంతువును కరిచి రక్తం తాగుతుంటే, ఆ జంతువు రక్తంలో వైరస్ జాడ చెప్పుకోదగినంత లేకపోయినా, ఒకదాని నుంచి రెండోదానికి అది చర్మం గుండానే చేరిపోయింది. ఐరోపాలో మెదడువాపు తెచ్చే గోమారి వైరస్ కూడా ఇలాగే వ్యాపిస్తుందని తరువాత తేలింది. అంటే చూడడానికి ఏ జబ్బూ లేని ఎలుకలు, కుందేళ్లు తిరిగే పొదల్లోనూ వైరస్ ఏళ్ల తరబడి నిలిచి ఉండగలదన్నమాట. దీనికి తోడు కొన్ని వైరస్‌లు తల్లి గోమారి నుంచి గుడ్లలోకి కూడా దిగుతాయి. మనిషి ఈ చక్రంలో దారి తప్పి వచ్చిన అతిథి మాత్రమే.

మీరు చదివిన ప్రాణాంతక జ్వరాల విషయానికి వస్తే, అవన్నీ ఒకటి కావు, అన్నీ అన్నిచోట్లా ఉండవు. 1937లో సోవియట్ దూరప్రాచ్యపు అడవుల్లో పనిచేసే కూలీలకూ సైనికులకూ వస్తున్న మెదడువాపుకు కారణం వెతకడానికి లెవ్ జిల్బర్ నాయకత్వంలో ఒక బృందం వెళ్లి, అది గోమార్ల వల్ల వస్తోందని తేల్చింది. ఆ బృందంలోని యువ పరిశోధకుడు మిఖయిల్ చుమకోవ్‌కు పరిశోధన మధ్యలో అదే జబ్బు సోకి వినికిడి దెబ్బతింది, కుడిచెయ్యి చచ్చుబడింది. ఆయనే ఆ తరువాత 1944లో క్రిమియాలో 200 మందికి పైగా సైనికులకు వచ్చిన రక్తస్రావ జ్వరం మీదా పనిచేశారు. 1956లో కాంగోలో ఒక బాలుడి రక్తం నుంచి వేరుచేసిన వైరస్, ఆ క్రిమియా వైరస్ ఒకటేనని 1969లో తెలియడంతో ఆ జబ్బుకు క్రిమియన్ కాంగో జ్వరం అనే జంట పేరు స్థిరపడింది. దీన్ని మోసే హయలోమా జాతి గోమార్లు పొద మీద కూర్చుని ఎదురుచూసే రకం కాదు, నేల మీద దాగి ఉండి జంతువు జాడ తెలియగానే వెంటపడి పరుగెడతాయి.

మన దేశానికి సంబంధించినంతవరకు అందరూ తెలుసుకోవాల్సినది క్యాసనూరు అడవి జ్వరం. 1957లో ఇప్పటి కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో, క్యాసనూరు అడవిలో కొండముచ్చులూ కోతులూ వరుసగా చనిపోవడం, చుట్టుపక్కల ఊళ్లలో మనుషులు తీవ్రమైన జ్వరంతో పడిపోవడం ఒకేసారి మొదలయ్యాయి. అక్కడివాళ్లు దాన్ని కోతి జ్వరం అన్నారు, ఇప్పటికీ ఆ పేరే వాడుకలో ఉంది. నిజానికి కోతి కూడా మనలాగే బాధితురాలే. కోతి చనిపోయి ఒళ్లు చల్లబడగానే దాని మీద ఉన్న గోమార్లన్నీ దిగి కింద ఆకుల్లోకి చెదిరిపోతాయి, అందువల్ల చనిపోయిన కోతి పడి ఉన్న చోటు కొంతకాలం పాటు అడవిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు అవుతుంది. ఈ జ్వరం నవంబరు నుంచి మే దాకా, అంటే నింఫ్‌లు విరివిగా తిరిగే నెలల్లో కనిపిస్తుంది. తరువాతి కాలంలో కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లోని పడమటి కనుమల ప్రాంతాల్లోనూ ఇది బయటపడింది. సోకినవారిలో నూటికి ముగ్గురి నుంచి అయిదుగురి దాకా చనిపోయే ప్రమాదం ఉందని అంచనా. ఇక చైనా, జపాన్, కొరియాల్లో ప్లేట్‌లెట్లను పడగొట్టే మరో వైరస్ జ్వరం ఉంది, దాన్ని మొదట చైనా పరిశోధకులు 2011లో ప్రకటించారు.

ఈ పేర్లన్నీ మిమ్మల్ని ఇంకా భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరు నడిచిన చోటు ఏదన్న దాన్ని బట్టే ఏ వైరస్ గురించి ఆలోచించాలో, అసలు ఆలోచించాలో వద్దో నిర్ణయమవుతుంది. మీ ఉత్తరంలో ఆ చోటి పేరు లేదు. ఆ ప్రాంతంలో ఇలాంటి జ్వరాలు నమోదయ్యాయా, ఈమధ్య కోతులు చనిపోయాయా అన్నది అక్కడి ఆరోగ్య సిబ్బందినో అటవీ సిబ్బందినో అడిగితే వెంటనే తెలుస్తుంది. నాలుగు రకాల రక్తపరీక్షల కన్నా ఆ ఒక్క సమాచారం విలువైనది.

ఇప్పుడు పరీక్ష మాట. వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు పైకి కనిపించేదాకా కొంత వ్యవధి ఉంటుంది. క్రిమియన్ కాంగో జ్వరంలో గోమారి కరిచిన తరువాత అది సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ తొమ్మిది రోజులు. క్యాసనూరు జ్వరంలో మూడు నుంచి ఎనిమిది రోజులు. చైనా జ్వరంలో వారం నుంచి రెండు వారాలు. మెదడువాపు తెచ్చే వైరస్‌లలో తరచుగా ఒకటి రెండు వారాలే అయినా నాలుగు వారాల దాకా పట్టవచ్చు. ఏ లక్షణమూ లేని మనిషి రక్తం తీసి పరీక్షిస్తే, ఏమీ లేదని వచ్చినా అది రేపటికి హామీ కాదు, ఉందని వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. రెండోది ఎందుకంటే, క్యాసనూరు వైరస్, ఐరోపా మెదడువాపు వైరస్, డెంగీ వైరస్ అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. ఎప్పుడో వచ్చిపోయిన డెంగీ వల్ల ఏర్పడిన యాంటీబాడీలు కూడా పరీక్షలో తప్పుడు ఫలితం చూపించగలవు. అవసరం లేని పరీక్ష తెచ్చే నిద్రలేమి మీకు ఇప్పుడున్న నిద్రలేమి కన్నా ఎక్కువే ఉంటుంది.

పరీక్షకు బదులు మీరు చేయాల్సింది, ఆ నడక తేదీ నుంచి లెక్కపెట్టి నాలుగు వారాలు మీ ఒంటిని గమనించుకోవడం. రోజూ ఒకసారి జ్వరం చూసుకుంటే చాలు, పూటపూటకీ థర్మామీటరు పట్టుకుని కూర్చోనక్కరలేదు. ఉన్నట్టుండి చలితో జ్వరం రావడం, తలపగిలిపోయే నొప్పి, నడుమూ పిక్కలూ కదపలేనంత కండరాల నొప్పులు, వాంతులు, కళ్లు ఎర్రబారడం వంటివి మొదలైతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం రావడం, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు, మాట తడబడడం, మగత, మెడ బిగుసుకుపోవడం, మూర్ఛ, వీటిలో ఏది కనిపించినా గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రిలో చేరాలి.

ఒక చోట చాలామంది మోసపోతారు కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. ఈ వైరస్‌లలో కొన్ని రెండు విడతలుగా దాడి చేస్తాయి. ఐరోపా మెదడువాపు వైరస్ సోకినవారిలో చాలామందికి మొదట మామూలు ఫ్లూలాంటి జ్వరం కొన్నాళ్లుండి తగ్గిపోతుంది, దాదాపు వారం రోజులు మనిషి హాయిగా తిరుగుతాడు, ఆ తరువాత కొందరిలో జ్వరం తిరగబెట్టి మెదడు పొరల వాపుతో బయటపడుతుంది. క్యాసనూరు జ్వరంలోనూ నూటికి పది నుంచి ఇరవై మందికి కోలుకున్నట్టే కనిపించి, మూడో వారంలో రెండో విడత వస్తుంది. కాబట్టి ఈ నాలుగు వారాల్లో ఒక జ్వరం వచ్చి తగ్గిపోయినా, తగ్గింది కదా అని ఆ సంగతి మరిచిపోకూడదు.

డాక్టరుకు మీరు చెప్పాల్సిన మొదటి వాక్యం జ్వరం గురించి కాదు, గోమారి గురించి. దీన్ని నేను నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే ఈ జ్వరాల్లో చాలావాటిలో తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోతాయి, డెంగీలోనూ అంతే. గోమారి సంగతి తెలియని డాక్టరు డెంగీ పరీక్ష రాస్తాడు, అది లేదని వస్తే ఏదో వైరల్ జ్వరంలే అని సరిపెట్టే అవకాశం ఉంది. ఫలానా తేదీన ఫలానా చోట గోమారి కరిచింది అన్న మాట చెవిన పడితే ఆలోచన వేరే దారిలో సాగుతుంది. జ్వరం మొదలైన తొలి రోజుల్లో రక్తంలోని వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే ఆర్‌టీ పీసీఆర్ పరీక్ష, ఆ తరువాత ఐజీఎం యాంటీబాడీల పరీక్ష పనికొస్తాయి. ఇలాంటి వైరస్‌లు ప్రయోగశాలల్లో పనిచేసేవారికే సోకిన సందర్భాలున్నాయి గనుక ఈ పరీక్షలు ప్రతి ల్యాబులోనూ చేయరు. మన దేశంలో పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వంటి చోట్లకు నమూనా పంపాల్సి రావచ్చు. ఆ ఏర్పాటు డాక్టరు చూసుకుంటారు.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు, కాబట్టి వైరస్‌కు భయపడి ముందే వేసుకోవడంలో అర్థం లేదు. అయితే రేపు మీకు జ్వరం వచ్చి, డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే, వైరస్‌కు ఇదేమిటని ఆపేయకండి. గోమార్లూ, వాటికన్నా చిన్నవైన మైట్లు అనే కొన్ని పురుగులూ టైఫస్ వంటి బ్యాక్టీరియా జ్వరాలను కూడా తెస్తాయి, మొదటి రోజుల్లో వాటికీ వీటికీ తేడా తెలియదు, అక్కడ ఆ మందు ప్రాణం నిలబెడుతుంది. జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి డాక్టరు చెప్పనిదే వేసుకోకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఈ వైరస్‌లలో చాలావాటికి నేరుగా పనిచేసే మందు లేదు. క్రిమియన్ కాంగో జ్వరంలో రైబవిరిన్ వాడుతున్నారు గానీ, అక్కడ కూడా ద్రవాలు, రక్తం, ప్లేట్‌లెట్లు అందిస్తూ అవయవాలను కాపాడుకుంటూ రావడమే అసలు చికిత్స. దానికి వేళకు ఆసుపత్రి చేరడం ముఖ్యం.

మీ పిల్లల గురించి. ఇప్పుడు మీకు ఏ జబ్బూ లేదు, మీ నుంచి వాళ్లకు అంటుకునేదేమీ లేదు. ఒకవేళ జబ్బు వచ్చినా క్యాసనూరు జ్వరం మనిషి నుంచి మనిషికి సోకదు, మెదడువాపు రకాలూ కలిసి ఉండడం వల్ల, పక్కన పడుకోవడం వల్ల రావు. క్రిమియన్ కాంగో జ్వరం మాత్రం దీనికి మినహాయింపు, రోగి రక్తమూ ఇతర స్రావాలూ తగిలినవారికి అది సోకుతుంది. 2011లో గుజరాత్‌లో ఆ జ్వరం మన దేశంలో తొలిసారి నిర్ధారణ అయినప్పుడు రోగితో పాటు ఆమెకు చికిత్స చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. చైనా జ్వరం విషయంలోనూ ఇలాంటి సందర్భాలున్నాయి. అందుకే జ్వరం వస్తే గోమారి సంగతి ముందే చెప్పడం మీకే కాదు, మిమ్మల్ని చూసుకునేవారికీ రక్షణ. ఈ నాలుగు వారాలూ రక్తదానం చేయకండి.

గోమారి కరవకుండానే ఈ వైరస్‌లు సోకే దారులు కూడా రెండున్నాయి, మీరు అడగకపోయినా చెప్పడం మంచిదనిపించింది. ఐరోపా మెదడువాపు వైరస్ మేకలు, గొర్రెలు, ఆవుల పచ్చిపాల ద్వారా రాగలదు, పాలు కాచితే చస్తుంది. క్రిమియన్ కాంగో వైరస్ ఉన్న పశువు వారం రోజుల పాటు రక్తంలో వైరస్ ఉన్నా పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, అలాంటి పశువును కోసేవారికి ఆ రక్తం వల్ల సోకుతుంది.

టీకా విషయం క్లుప్తంగానే తేలిపోతుంది. ఐరోపా మెదడువాపు వైరస్‌కు మంచి టీకాలు ఉన్నాయి. ఆస్ట్రియాలో 1981 నుంచి పెద్ద ఎత్తున వేయడంతో అక్కడ కేసులు బాగా తగ్గాయి. ఆ ప్రాంతాల అడవుల్లో తిరగబోయేవారు ముందే వేయించుకోవాలి, కరిచిన తరువాత వేసే టీకా కాదది. క్యాసనూరు జ్వరానికి కర్ణాటకలో ఏళ్ల తరబడి ఒక టీకా వేశారు. దాని రక్షణ తక్కువగా ఉందని తేలడంతో ఆపేశారు, కొత్తదాని కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. క్రిమియన్ కాంగో జ్వరానికి విస్తృతంగా ఆమోదం పొందిన టీకా ఇంకా లేదు.

చర్మంలో మిగిలిన ముల్లును సూదితో తవ్వకండి. ఒళ్లు ఊడిపోయిన ఆ ముక్క ఇక లాలాజలం వదలలేదు, వైరస్ ముప్పు దానివల్ల పెరగదు. సబ్బుతో కడిగి వదిలేస్తే కొద్ది రోజుల్లో చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఎర్రగా వాచి చీము పడితే మాత్రం చూపించుకోండి. కిరోసిన్ పోయలేదని బాధపడకండి, పోయకపోవడమే నయమైంది. కిరోసిన్, నెయిల్ పాలిష్, అగ్గిపుల్ల సెగ, వీటిలో ఏది తగిలినా ఉక్కిరిబిక్కిరైన గోమారి మరింత లాలాజలాన్ని, కడుపులోని రక్తాన్ని గాయంలోకి కక్కవచ్చు. ఇంకోసారి అవసరమైతే సన్నటి మొనలున్న పట్టకారు తీసుకుని, ఉబ్బిన పొట్టను కాకుండా చర్మానికి ఆనుకుని ఉన్న నోటి దగ్గర పట్టుకుని, తిప్పకుండా, ఒక్కసారిగా గుంజకుండా, నిలువుగా నెమ్మదిగా పైకి లాగండి. చర్మం కాస్త గుడారంలా లేస్తుంది, పట్టు సడలించకుండా ఆగితే కొద్ది క్షణాల్లో ఊడి వస్తుంది. తీసినదాన్ని గోళ్ల మధ్య చిదమకూడదు, దాని ఒంట్లోని రసం వేలి మీది చిన్న గాయంలోకి చేరినా చాలు. తరువాత చేతులూ కరిచిన చోటూ సబ్బుతో కడుక్కోవాలి.

కుక్క గురించి మీరు అడగలేదు గానీ, ఆ రోజు మీతో నడిచింది కాబట్టి ఇవాళే దాన్ని తడిమి చూడండి. చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లతో నొక్కుతూ వెళితే గింజలు తగిలినట్టు తెలుస్తాయి. కుక్క నుంచి మీకు నేరుగా జబ్బు రావడం అరుదు. జబ్బుపడిన పిల్లులూ కుక్కల నుంచి మనుషులకు సోకినట్టు చైనా జ్వరం విషయంలో జపాన్‌లో కనిపించింది. అంతకన్నా ఎక్కువ జరిగేది, అది మోసుకొచ్చిన గోమారి ఇంట్లో రాలి మరొకరిని పట్టుకోవడం. గోమార్లను చంపే మందు పశువైద్యుణ్ణి అడిగి వాడండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ ఉన్న కుక్క మందును దాని దగ్గరికి రానీయకండి, పిల్లులకు అది విషం.

మళ్లీ ఆ బాటలో నడవాలనుకుంటే పొదలు రాసుకోకుండా బాట నడిమి నుంచి నడవండి, లేత రంగు ప్యాంటు కాళ్లను మేజోళ్లలోకి దోపుకోండి, గోమారి పాకితే కనిపిస్తుంది. పురుగుల్ని దరి చేరనీయని డీట్ ఉన్న లేపనం చర్మానికి, పర్మెత్రిన్ మందు బట్టలకు మాత్రమే. ఇంటికి రాగానే బట్టలు విప్పి, స్నానం చేసి, అద్దం ముందు ఒకసారి ఒళ్లంతా చూసుకోండి. చూపు ఆనని చోట్ల ఇంట్లోవాళ్లను చూడమనండి, ఎందుకంటే ఎక్కువమందిని కరిచే నింఫ్ గసగసాల గింజకన్నా పెద్దగా ఉండదు.

ఇక సీసాలో ఉన్న గోమారి. దాన్ని ఇప్పుడే పరీక్షకు పంపడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, అందులో వైరస్ కనిపించినా అది మీకు సోకిందని కాదు, కనిపించకపోయినా మీకు తెలియకుండా మరో గోమారి కరిచి రాలిపోయి ఉండవచ్చు. కానీ జ్వరం వస్తే అది ఏ జాతిదో తెలియడం డాక్టరుకు ఉపయోగపడుతుంది. సీసాలో అది మునిగేంత స్పిరిట్ పోయండి, మూత బిగించి, కాగితం అంటించి, దాని మీద నడిచిన తేదీ, తీసిన తేదీ, ఆ కాలిబాట ఉన్న చోటి పేరు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి. నాలుగు వారాలు ఏ జ్వరమూ లేకుండా గడిచిపోతే సీసాతో సహా పారేయవచ్చు.